ఒకటో నంబరు రోడ్డు మీద తిండీ, వైనూ

మే 10, 2025, శనివారం. పెస్కడేరో

ఫ్రీమాంట్‌లో బయల్దేరేటప్పుడు ఏసీ వేశాం. కొండెక్కి అవతల హాఫ్ మూన్ బే వైపు దిగేసరికి హీటర్ వేయాల్సొచ్చింది. పట్టపగలు పన్నెండింటికి కార్లన్నీ లైట్లు వేసుకుని నడుస్తున్నాయి. "సముద్రం చూద్దామని వస్తే సముద్రమే కనబడదేంటి" అని మా ఆయన విసుగు. ఈ పొగమంచే లేకపోతే మనం తిందామని, తాగుదామని బయల్దేరినవాటిలో సగం ఇక్కడ పండవండీ అన్నాను. వినే ధోరణిలో లేరు.

*

ఇంట్లోనే ఒప్పందం చేసుకున్నాం. కారు తాళాలు ఏ రోజు ఎవరి దగ్గరుంటే ఆ రోజు వాళ్లకు వైన్ లేదు. కాలిఫోర్నియా చట్టం రక్తంలో 0.08 శాతం దగ్గర గీత గీసింది. మా ఇద్దరి గీత సున్నా దగ్గర. బిరడా తీసిన సీసా ఏదైనా డిక్కీలోకే పోవాలి, అది చట్టమే. ఇవాళ తాళాలు నావి.

*

పెస్కడేరో అంటే ఒక వీధి, దాని మీద డువార్ట్స్ టావెర్న్. పోర్చుగల్ నుంచి వచ్చిన డువార్ట్ అనే ఆయన 1894లో పెట్టిన సారాకొట్టు, తర్వాత భోజనశాల అయింది. ఇక్కడ రెండు సూపులకు పేరు. ఒకటి ఆర్టిచోక్‌ది, రెండోది పచ్చిమిరపకాయలది. తెలిసినవాళ్లు రెండూ సగం సగం ఒకే గిన్నెలో పోయించుకుంటారు. మేమూ అలాగే చెప్పాం. మిరపకాయ మన నాలుకకు పేరుకే. ఆర్టిచోక్ మాత్రం లేత మట్టి వాసనతో, చివర్న కాస్త తీపితో, చెంచా కింద పెట్టనివ్వలేదు. తర్వాత ఒలాలీబెర్రీ పై. ఈ పండు వంశంలో లోగన్‌బెర్రీ ఉంది, దాన్ని 1880ల్లో శాంతాక్రూజ్‌లో ఒక జడ్జిగారు తన పెరట్లో పుట్టించారు. కోర్టు పని అయ్యాక ఆయన బెర్రీ మొక్కలు పెంచుకునేవారన్నమాట. ఊరూరా అలాంటి జడ్జీలుంటే బాగుండు.

*

డావెన్‌పోర్ట్ దగ్గర స్వాంటన్ తోటవాళ్ల దుకాణం. గల్లాపెట్టె దగ్గర మనిషి లేడు. బుట్ట మనమే తీసుకోవాలి, డబ్బు మనమే వేయాలి, చిల్లర మనమే తీసుకోవాలి. ఆయన రెండుసార్లు లెక్కపెట్టి వేశారు, ఎవరో చూస్తున్నట్టు. ఈ తోటకు ఇంకో గొప్ప ఉంది. సేంద్రియ సాగు చేసే తోటల్లో కూలీల యూనియన్‌తో మొదట ఒప్పందం రాసుకున్నది ఇదే, 1998లో. స్ట్రాబెర్రీ లోపలి దాకా ఎర్రగా ఉంది. సూపర్ మార్కెట్ పండు కోస్తే మధ్యలో తెల్లగా, దూదిలా ఉంటుంది చూడండి, అది లేదు.

మే 11, ఆదివారం. క్యాస్ట్రోవిల్, మాంటెరే

పొద్దున్నే అమ్మాయి ఫోన్. అమెరికాలో ఇవాళ అమ్మల రోజు. "నాన్న ఏం తినిపిస్తున్నాడమ్మా?" అంది. "ముళ్ల మొక్క" అన్నాను. అబద్ధమేమీ కాదు. ఆర్టిచోక్ ముళ్ల జాతి మొక్కకు వచ్చే మొగ్గ. విచ్చుకోకముందే కోసేస్తారు. విచ్చితే ఊదారంగు పువ్వు, తినడానికి పనికిరాదు.

క్యాస్ట్రోవిల్ ఊరి మొదట్లో బోర్డు: ప్రపంచ ఆర్టిచోక్ కేంద్రం. 1920లలో ఇటలీ నుంచి వచ్చిన రైతులు ఇక్కడ ఈ పంట వేశారు. వాళ్ల ఊళ్లలో ఉన్నట్టే చల్లని సముద్రపు గాలి, గడ్డకట్టని చలికాలం. 1948లో ఇక్కడికొచ్చిన ఒక కుర్ర నటికి ఆర్టిచోక్ రాణి అని కండువా వేశారు. ఆమె మార్లిన్ మన్రో. ఊళ్లో ఇప్పటికీ ఆ ఫొటో లేని కొట్టు తక్కువ.

ఆర్టిచోక్‌లకు రౌడీ చరిత్ర కూడా ఉంది. న్యూయార్క్‌లో సిరో టెరనోవా అనే మాఫియా పెద్ద వచ్చిన సరుకంతా బెదిరించి గుత్తకు పట్టి ధర పెంచేవాడు. 1935 డిసెంబరులో మేయర్ లాగార్డియా ఏకంగా చిన్న ఆర్టిచోక్‌ల అమ్మకమే నిషేధించాడు. కొన్ని రోజులే. తనకూ అవంటే ఇష్టమట.

*

తినే పద్ధతి మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఉడికించి తెచ్చి పెడతారు. ఒక్కో రేకు తుంచి, వెన్నలో ముంచి, పళ్ల మధ్య పెట్టి లాగి, గుజ్జు తిని పిప్పి పక్కన పెట్టాలి. పులుసులో ములక్కాడ తిన్న చెయ్యికి ఇదేం కొత్త? పక్క బల్ల మీద ఓ జంట ఫోర్కుతో కుస్తీ పడుతుంటే ఆయన వెళ్లి చూపించి వచ్చారు. రేకులన్నీ అయ్యాక అడుగున నూగు ఉంటుంది. అది గీకేస్తే వచ్చే గుండె, అసలు మొక్క అంతా దానికోసమే.

*

సాయంత్రం మాంటెరే. ఒకప్పుడు ఈ ఒడ్డంతా చేపల డబ్బాల ఫ్యాక్టరీలు. సార్డీన్‌లు పట్టీ పట్టీ, 1950లకు వలలో ఏమీ పడని స్థితి వచ్చింది. చివరి ఫ్యాక్టరీ 1973లో మూతపడింది. పాత ఫ్యాక్టరీ ఒకటి 1984లో అక్వేరియం అయింది. ఇప్పుడు సార్డీన్‌లు అద్దం వెనక తిరుగుతుంటే టికెట్ కొని చూస్తున్నాం. వీటన్నిటికంటే ముందు ఇక్కడ చైనావాళ్ల జాలరిపేట ఉండేది. రాత్రిళ్లు పడవల్లో దీపాలు పెట్టి స్క్విడ్ పట్టేవాళ్లు. 1906లో పేట తగలబడింది, మళ్లీ కట్టుకోనివ్వలేదు. రేవు మీద వేయించిన స్క్విడ్ ప్లేటు తింటుంటే ఆ సంగతి చెప్పే పలక కోసం చూశాను. మా బల్ల దగ్గర మాత్రం లేదు.

సాల్మన్ అడిగాం. "మన దగ్గరిది కాదు" అన్నాడు వడ్డించే అబ్బాయి, నిజాయితీగా. కాలిఫోర్నియాలో వ్యాపారానికి సాల్మన్ వేట 2023 నుంచి వరుసగా మూడో ఏడు ఆపేశారు. కరవు ఏళ్లలో శాక్రమెంటో నదిలో చేపపిల్లలు బతకలేదు, సముద్రంలోంచి తిరిగొచ్చే పెద్దవి లేవు. వద్దనుకుని క్లామ్ చౌడర్ తీసుకున్నాం. ఊరు బానే ఉంది, ఆ చౌడర్ మాత్రం మైదా జావ.

మే 12, సోమవారం. బిగ్ సర్

ఇవాళ తాళాలు ఆయనవి, గ్లాసు నాది.

1937లో తెరిచారు ఈ కొండ రోడ్డుని. కట్టినవాళ్లలో శాన్ క్వెంటిన్ జైలు ఖైదీలూ ఉన్నారు. బిక్స్‌బీ వంతెన అంతకు ముందే, 1932లో అయింది. కొండ మాత్రం ఈ రోడ్డుని ఇంకా ఒప్పుకోలేదు. 2017లో ఒక పెద్ద ముక్క జారి పడితే ఏడాదికి పైగా మూసేశారు. 2024 ఫిబ్రవరిలో లూసియా ఊరికి కాస్త ఉత్తరాన ఇంకో కొండ జారింది. 2025 మేలో మేం వెళ్లినప్పటికీ దారి లేదు. కాబట్టి పొయ్యేది వెనక్కి రావడానికే. రేపు 101వ నంబరు రోడ్డు మీద లోపలి లోయగుండా దక్షిణానికి.

నెపెంతే హోటల్ వరండా, 800 అడుగుల కింద సముద్రం. 1944లో ఆర్సన్ వెల్స్, రీటా హేవర్త్ ముచ్చటపడి ఇక్కడున్న చెక్క ఇల్లు కొన్నారు. హోటల్ 1949లో వేరేవాళ్లు పెట్టారు. వెల బిగ్ సర్ చూపుకి, తిండికి కాదు. అయినా ఇచ్చుకోవచ్చు.

సముద్రం ఎందుకింత చల్లగా ఉందని ఆయన అడిగారు, అంతకుముందు ఒడ్డున కాలు పెట్టి తీసేశారు మరి. వసంతంలో వాయవ్యం నుంచి గాలి ఒడ్డు వెంబడి వీస్తుంది. భూమి తిరగడం వల్ల పైనీళ్లు ఒడ్డు నుంచి సముద్రం లోపలికి జరిగిపోతాయి. ఆ ఖాళీలోకి అడుగు నుంచి చల్లనీళ్లు పైకొస్తాయి. తేమగాలి ఆ నీళ్ల మీద నడిచి పొగమంచు అవుతుంది. లోపలి లోయలు ఎండకి కాగి గాలి పైకి లేస్తే, ఈ మంచుని కొండల సందుల్లోంచి లాక్కుంటాయి. సందు ఎంతుంటే అంత చలి. ఏ తోటలో ఏ ద్రాక్ష వేయాలో ఆ సందే చెబుతుంది.

"టీచరుగారూ, వైన్ చల్లారిపోతోంది" అన్నారు. అది వైట్ వైన్.

మే 13, మంగళవారం. సలీనాస్ లోయ

పాలకూర, లెట్యూస్, బ్రాకలీ, మళ్లీ లెట్యూస్. ప్రపంచపు సలాడ్ గిన్నె అని పేరు పెట్టుకున్నారు. పొద్దున ఏడింటికే పొలంలో వరసలు. మెల్లగా కదిలే బండి ముందు వంగి కొందరు కోస్తున్నారు, బండి మీద నిలబడి కొందరు అక్కడికక్కడే పెట్టెల్లో సర్దుతున్నారు. ముఖాల నిండా గుడ్డ, పైన టోపీ. పక్కన నీలం రంగు పోర్టబుల్ మరుగుదొడ్లు రెండు, ట్రైలరు మీద. వీళ్లలో ఎక్కువమంది మెక్సికోవాళ్లు. ఒహాకా నుంచి వచ్చినవాళ్లలో స్పానిష్ కాకుండా మిక్స్‌టెక్ మాట్లాడేవాళ్లూ ఉంటారు. మా ఊళ్లో నాట్లప్పుడు పాట వినబడేది, ఇక్కడ ట్రైలరు మీది రేడియో.

1970లో ఈ లోయలో లెట్యూస్ కూలీల సమ్మె దేశమంతా కదిలించింది. బహిష్కరణ పిలుపు వెనక్కి తీసుకోనన్నందుకు కూలీల నాయకుడు సీజర్ చావెజ్‌ని డిసెంబరులో సలీనాస్ జైల్లో పెట్టారు. ఇంకా ముందు, ఈ ఊళ్లో పుట్టిన రచయిత స్టైన్‌బెక్ 1939లో 'ద గ్రేప్స్ ఆఫ్ రాత్' రాస్తే ఊళ్లోవాళ్లే దాన్ని తగలబెట్టారు. ఇప్పుడు పెద్ద వీధిలో ఆయన పేరుతో మ్యూజియం. నోబెల్ వచ్చాక ఊళ్లు మెత్తబడతాయి.

*

లోయకు పడమటి వైపు వాలు మీద శాంతా లూసియా హైలాండ్స్ ద్రాక్షతోటలు. 1990ల మొదట్లో ప్రత్యేక వైన్ ప్రాంతంగా గుర్తింపు. కింద కూరగాయలు, పైన ద్రాక్ష, మధ్యలో ఒక రోడ్డు. మధ్యాహ్నం దాటగానే గాలి మొదలైంది. కారు తలుపు తీస్తే లాక్కుపోయేంత. ఆ గాలికి ద్రాక్షాకులు తమ సూక్ష్మ రంధ్రాలు మూసుకుంటాయి, పంట పని మందగిస్తుంది. పండు చెట్టునే చాలాకాలం ఉండి నిదానంగా పండుతుంది, పులుపు పోకుండా. పీనో న్వార్‌కి కావలసింది అదే. పల్చటి తోలు, ఎండ తగిలితే డీలా పడే రకం.

ఇవాళ తాళాలు నావి. ఆయన తాగి, కళ్లు మూసుకుని, "చెర్రీ... పుట్టగొడుగు... కాస్త తడి ఆకులు" అన్నారు. కాగితం మీద అచ్చువేసి ఇచ్చినవి చదివి చెప్పారని నా అనుమానం.

మాంటెరే కౌంటీదే ఒక రీస్లింగ్ సీసా కొన్నాం, కొంచెం తీపిది. ఎందుకు కొన్నామో రేపు చెప్తాను.

మే 14, బుధవారం. పాసో రోబ్లెస్

సలీనాస్‌లో స్వెటర్, ఇక్కడ నీడ కోసం వెతుకులాట. పగలు కాగిపోతుంది, రాత్రి సముద్రపు గాలి టెంపుల్టన్ సందులోంచి వచ్చి చల్లారుస్తుంది. ఒకే రోజులో ఫారెన్‌హీట్‌లో నలభై డిగ్రీల తేడా ఇక్కడ మామూలు. ఇంత తేడా తట్టుకునే లావు తోలు రకాలు వేస్తారు. 1983లో పాసోకి ప్రాంతపు గుర్తింపు వచ్చింది. 2014లో దాన్నే పదకొండు ముక్కలు చేశారు. చేయక తప్పదు, తూర్పుకీ పడమరకీ పొత్తే లేదు.

*

పియానో విద్వాంసుడు పడరెవ్‌స్కీ చేతుల నొప్పికి ఇక్కడి వేడి గంధకపు ఊటల్లో వైద్యం కోసం వచ్చి, ఊరు నచ్చి 1914లో భూమి కొన్నాడు. 1919లో పోలండ్ ప్రధానమంత్రి అయ్యాడు, వెర్సాయ్ ఒప్పందం మీద సంతకం పెట్టాడు. తర్వాత తన పొలంలో జిన్‌ఫాండెల్ వేయించాడు. అప్పుడు దేశంలో మద్యనిషేధం. మనిషి ఎంత ఓపికవంతుడో!

జిన్‌ఫాండెల్ మాది అని అమెరికావాళ్లు చాలాకాలం చెప్పుకున్నారు. 2001లో డీఎన్‌ఏ పరీక్షలో క్రొయేషియా తీరంలోని ఒక పాత రకమని తేలింది. మాదే అనే మాటకు వయసు తక్కువ ఈ తీరంలో. ఆర్టిచోక్ ఇటలీవాళ్లది, టావెర్న్ పోర్చుగీసువాళ్లది, జిన్‌ఫాండెల్ క్రొయేషియాది. టాబ్లాస్ క్రీక్ తోటలోవి ఫ్రాన్స్‌లోని బోకాస్టెల్ నుంచి తెచ్చిన అంట్లు. 1989లో భూమి కొని, తీగలు తెప్పించి, వాటిని మూడేళ్లు ప్రభుత్వ క్వారంటైన్‌లో ఉంచి, తర్వాతే నాటుకున్నారు. గ్రీన్‌కార్డు కోసం మేం చూసిన ఎదురుచూపు కంటే తక్కువేనని ఆయన.

*

రాత్రి బసలో వంటగది ఉంది. కోడివేపుడు చేశాను, ఇంటి నుంచి తెచ్చిన గుంటూరు కారం, కరివేపాకుతో. ఆయన జిన్‌ఫాండెల్ తెరిచారు. ఘాటు ఘాటుకి జోడీ అని వాదన. మొదటి గుక్కకే కళ్లనీళ్లు. మిరపకాయలో మండేది నీళ్లలో కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది, నోరంతా పరుచుకుంటుంది. పాసో జిన్‌ఫాండెల్‌లో పదిహేను శాతం ఆల్కహాల్ మామూలు, దానికి తోడు వగరు. మంట మీద మంట. అప్పుడు నేను రీస్లింగ్ తీశాను. తక్కువ ఆల్కహాల్, కొంచెం తీపి, మంచి పులుపు, బాగా చల్లగా. కోడివేపుడికి అదే సరి. గోంగూరకి మాత్రం ఏదీ సరిపడలేదు. దాని పులుపు ముందు ప్రతి వైనూ నీళ్లే. గోంగూరకి పెరుగన్నమే.

*

ఆయనకు బందరు దగ్గర వాళ్ల ఊరి తాటికల్లు గుర్తొచ్చింది. పొద్దున దించింది పొద్దున్నే తాగాలి, సాయంత్రానికి పులిసిపోయేది. ఇక్కడ పదేళ్లు ఆగమంటున్నారు. ఆగే ఓపిక తనకు లేదని, పొద్దుటి కల్లే మేలని ఆయన తీర్పు. నేను కల్లు ఎన్నడూ తాగలేదు, తీర్పు చెప్పను.

మే 15, గురువారం. మారో బే, గ్వాడలూప్

మళ్లీ సముద్రం, మళ్లీ మంచు. 576 అడుగుల రాయి నీళ్లలో నిలబడి ఉంది, పైసగం కనబడదు. బేలోనే పెంచిన ఆయిస్టర్లు, పచ్చివి, నిమ్మకాయ పిండుకుని. ఆయన అరడజను. నేను ఒకటి. సముద్రాన్ని మింగినట్టుంది, ఇంకొకటి వద్దు.

*

శాంతా మరియా కాల్చిన మాంసానికి పేరు. ఇక్కడి ఓక్ కట్టెల నిప్పు మీద గొడ్డుమాంసం. మేం తినం. కాబట్టి అదే నిప్పు మీది కోడి, పక్కన పింకీటో చిక్కుళ్లు. గులాబీ రంగు చిన్న గింజ, ఈ లోయలోనే పండిస్తారు. చిక్కుళ్ల కోసమైనా ఆగాలి.

*

గ్వాడలూప్ ఇసుక దిబ్బల కింద ఒక నకిలీ ఈజిప్టు ఉంది. 1923 నాటి 'టెన్ కమాండ్‌మెంట్స్' సినిమాకి సెసిల్ బి. డిమిల్ వేయించిన సెట్, పని అయ్యాక అక్కడే పాతిపెట్టించాడు. తవ్వి తీసిన స్ఫింక్స్ బొమ్మల ముక్కలు ఊళ్లో పెట్టారు. చుట్టూ స్ట్రాబెర్రీ మళ్లు.

మే 16, శుక్రవారం. లోంపోక్

మ్యాప్ చూస్తే తెలుస్తుంది. కాలిఫోర్నియా తీరంలోని కొండలు చాలావరకు ఉత్తరం నుంచి దక్షిణానికి, ఒడ్డుకి గోడలా. ఇక్కడ మాత్రం తూర్పు-పడమర. అంటే గోడ లేదు, రెండు గోడల మధ్య నడవా ఉంది, దాని వాకిలి సముద్రం. మంచు నేరుగా లోపలికి. సముద్రం నుంచి మైలు లోపలికి పోతే ఒక డిగ్రీ పెరుగుతుందని ఇక్కడి రైతుల లెక్క. నేను కారు థర్మామీటర్ చూస్తూ కూచున్నాను. మరీ అంత కచ్చితం కాదుగానీ, అబద్ధమూ కాదు.

వాకిట్లో పీనో న్వార్, లోపల ఎండలో సిరా. ఇక్కడ పీనో మొదట నాటింది 1971లో, శాన్‌ఫర్డ్ అండ్ బెనెడిక్ట్ తోటలో. 2001లో శాంతా రీటా హిల్స్ అని ప్రాంతం ప్రకటించారు. చిలీలో ఆ పేరుతో పాత వైన్ కంపెనీ ఉంది, వాళ్లు కాదన్నారు. 2006 నుంచి సీసాల మీద 'శాంతా' పూర్తిగా రాయరు, పొట్టి చేసి 'ఎస్‌టీఏ' అని వేస్తారు.

*

2004లో వచ్చిన 'సైడ్‌వేస్' సినిమా ఈ దారుల్లోనే తీశారు. అందులో హీరో మెర్లో తాగనని అరిచి గొడవ చేస్తాడు. ఆ ఒక్క డైలాగుకి మెర్లో పరువు పోయింది, పీనోకి గిరాకీ పెరిగింది. అదే హీరో ప్రాణంగా దాచుకున్న సీసా 1961 షవల్ బ్లాంక్. అందులో చాలావరకు ఉండేవి మెర్లో, కాబర్నే ఫ్రాంక్. సినిమా చూసి మెర్లో మానేసినవాళ్లకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు కాబోలు.

*

ఇవాళ తాళాలు ఆయనవి. ఒక టేస్టింగ్ గదిలో, పేరెందుకులెండి, గ్లాసు నా ముందుంది, మాటలు మాత్రం ఆయనతో. నేల గురించి, పీపాల గురించి, కొత్త ఓక్ ఎంత శాతం అని. ఆయన చేతిలో నీళ్ల గ్లాసు. మూడో రకం పోసేటప్పుడు "ఆమెని అడగండి, నేను డ్రైవర్ని" అన్నారు. పోసేవాడు నవ్వాడు, నాలుగో రకం గురించి మళ్లీ ఆయనకే చెప్పాడు. బయటికొచ్చాం, ఏమీ కొనలేదు.

దీనికి విరుగుడు లోంపోక్ ఊళ్లోనే దొరికింది. పారిశ్రామికవాడలో రేకుల షెడ్లు, ఒక్కో షెడ్డులో ఒక్కో చిన్న వైన్ తయారీదారు. వైన్ ఘెటో అంటారు వాళ్లే. పూలకుండీలు లేవు, లోయ చూపు లేదు. ఫోర్క్‌లిఫ్ట్ పక్కన బల్ల. మాకు పోసిన ఆవిడే ఆ వైన్ చేసింది, గోళ్ల సందుల్లో ఊదారంగు ఇంకా పోలేదు. ఇద్దరికీ ఒకటే టేస్టింగ్ చాలన్నాం, ముఖం మాడ్చుకోలేదు. సిరా రెండు సీసాలు కొన్నాం. ఈ దారిలో ఇంటికి తీసుకెళ్లదగ్గ వైన్ ఏదంటే నేను దాన్నే చూపిస్తాను.

మే 17, శనివారం. శాంతా బార్బరా

రేవులో శనివారం చేపల సంత. వల దించినవాడే అమ్ముతాడు, మధ్యలో ఎవరూ లేరు. రాక్‌ఫిష్, పీతలు, ఒక పడవ మీద సముద్రపు ముళ్లకాయలు, అదే ఉనీ. ఎర్ర రకం. డైవర్లు ఒక్కొక్కటీ చేత్తో ఏరి తెస్తారు. కత్తెరతో పైచిప్ప కోసి, కడిగి, చెంచా ఇచ్చాడు. ముళ్లు ఇంకా కదులుతున్నాయి. లోపల ఐదు నారింజ రంగు నాలుకలు. ఆయన వెనక్కి జరిగారు. నేను తిన్నాను. మీగడ, ఉప్పు, ఆఖర్న తీపి. ఇన్ని రోజుల తిండిలో మొదటి స్థానం దానికే. దాని పక్కన వైన్ గ్లాసు పెట్టినా నేను ముట్టుకోను.

మధ్యాహ్నం లా సూపర్ రికా అనే చిన్న టాకో కొట్టు. మాంటెసీటోలో ఆఖరి రోజులు గడిపిన వంటల రచయిత్రి జూలియా చైల్డ్‌కి ఇష్టమైన చోటు. క్యూ వీధి మలుపు దాకా. మొక్కజొన్న రొట్టెలు అప్పటికప్పుడు ఒత్తి, పెనం మీద కాల్చి ఇస్తున్నారు. ఆయన నాలుగు తిని, తెచ్చుకున్న పచ్చిమిరపకాయ కొరికి, "ఇప్పుడు భోజనం" అన్నారు.

*

వెళ్లదలచినవాళ్లకు: బిగ్ సర్ దారి తెరిచిందో లేదో రోడ్ల శాఖ వెబ్‌సైట్లో చూసి మరీ కదలండి. సగం దూరం వెళ్లాక తెలిస్తే వెనక్కి రావడమే. స్వెటర్, ఐస్ పెట్టె, పెరుగు కారులో ఉండాలి. రేవు సంత శనివారం ఉదయం ఆరింటి నుంచి పదకొండు దాకానే. ఉనీ కావాలంటే ఎనిమిది లోపు వెళ్లండి, నగదు పట్టుకెళ్లండి.